చిన్న తెరచాప పడవకు రిగ్గింగ్ సరిచేయడం: ఒడ్డున టేపుతో మొదలుపెట్టి, నీటిపై చుక్కానితో తేల్చుకునే పద్ధతి

పడవ మాట వినడం లేదని అనిపించగానే అందరి అనుమానం మొదట తెరచాప మీదికే పోతుంది. చాప పాతబడిందనీ, కొత్తది కొంటే తప్ప పడవ దారికి రాదనీ అనుకుంటారు. నేను చూసినంతవరకు తప్పు ఎక్కువసార్లు చాపలో ఉండదు. చాపను నిలబెట్టే కొయ్య, అంటే మాస్టులోనూ, దాన్ని పట్టి ఉంచే తీగల్లోనూ ఉంటుంది; ఈ అమరిక మొత్తాన్నే రిగ్గింగ్ అంటారు. ఆ తప్పును పట్టుకోవడానికి కావలసినవి ఒక ఉక్కు టేపు, ఒక నోటుపుస్తకం, ఒక పూట తీరిక. వీటికి తోడు, ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలన్న నియమాన్ని మనం కచ్చితంగా పాటించాలి.

ఈ మార్గదర్శికి ఉదాహరణగా ఫోర్ ట్వంటీ పడవను తీసుకున్నాను. ఫ్రాన్సులో క్రిస్టియాన్ మోరీ 1959లో రూపొందించిన ఈ ఇద్దరు మనుషుల పడవ పొడవు 4.20 మీటర్లు, వెడల్పు 1.63 మీటర్లు. మెయిన్ చాప, ముందుండే జిబ్ చాప కలిసి సుమారు 10.25 చదరపు మీటర్లు ఉంటాయి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ మీద నేర్చుకునే పిల్లలు ఆప్టిమిస్ట్ అనే పిల్లల పడవ దాటిన తరువాత సాధారణంగా ఎక్కే పడవల్లో ఇది ఒకటి. మాస్టును మూడు తీగలు పట్టి ఉంచడం, మధ్యలో తీగలను పక్కలకు తోసి పట్టే స్ప్రెడర్లు అనే కడ్డీలు ఉండడం, మాస్టు వంపును మనమే నిర్ణయించుకోగలగడం వల్ల రిగ్గింగ్‌లోని ముఖ్యమైన పాఠాలన్నీ దీనిమీద నేర్చుకోవచ్చు. వేరే పడవ ఉన్నవారికి అంకెలు మారతాయే గాని వరుస మారదు.

పడవ ఎందుకు గాలి వైపు లాగుతుంది

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగిలినవన్నీ తేలికవుతాయి. చాపల మీద పడే గాలి బలమంతా ఒకేచోట కేంద్రీకృతమై ఉందని ఊహించండి. అలాగే నీటి అడుగున సెంటర్‌బోర్డు (పడవ నడుమ నుంచి నీటిలోకి దించే పలక), చుక్కాని, పడవ అడుగుభాగం కలిసి పక్కకు జారకుండా అడ్డుకునే బలానికి కూడా ఒక కేంద్రం ఉంటుంది. గాలి బలపు కేంద్రం నీటి బలపు కేంద్రానికి వెనుకగా ఉంటే పడవ ముక్కు గాలి వైపు తిరగజూస్తుంది; దీన్ని వెదర్ హెల్మ్ అంటారు. ముందుగా ఉంటే ముక్కు గాలికి దూరంగా పడిపోతుంది. అది లీ హెల్మ్.

కొద్దిపాటి వెదర్ హెల్మ్ మంచిదే. చేతికి చుక్కాని స్పర్శ తెలుస్తుంది, ఎదురుగాలిలో పడవ ఎంత పైకి, అంటే గాలి దిశకు ఎంత దగ్గరగా, వెళ్లగలదో అర్థమవుతుంది, చేయి జారినా పడవ గాలికి ఎదురు తిరిగి తనంతట తానే నెమ్మదిస్తుంది. అది మితిమీరితే మాత్రం చుక్కాని నీటిలో అడ్డంగా నిలబడి బ్రేకులా పనిచేస్తుంది. లీ హెల్మ్ ఎంత కొంచెమున్నా నేను ఒప్పుకోను; ఈదురు తాకినప్పుడు గాలికి దూరంగా పరుగెత్తే పడవ కొత్తవారికి నిజంగా ప్రమాదకరం.

ముందు తనిఖీ, ఆ తరువాతే కొలత

తెగబోయే తీగను ఎంత జాగ్రత్తగా బిగించినా ప్రయోజనం లేదు. మాస్టును ఒడ్డున అడ్డంగా పడుకోబెట్టి, ఒక నూలుగుడ్డతో ప్రతి తీగనూ పైనుంచి కిందికి తుడవండి. గుడ్డ ఎక్కడైనా పట్టుకుందంటే అక్కడ ఒక పోగు తెగి ముల్లులా పైకి లేచిందని అర్థం. ఆ తీగను మరమ్మతు చేయకూడదు, మార్చవలసిందే. వట్టి వేళ్లతో తడమకండి. ఆ పోగు సూదికన్నా లోతుగా దిగుతుంది. తీగ చివర లోహపు గొట్టంలో నొక్కి బిగించిన చోటనూ, స్ప్రెడర్ కొస తీగను తాకే చోటనూ ప్రత్యేకంగా చూడండి. తీగలు ఎక్కువగా అలిసిపోయేది ఆ రెండు చోట్లే.

పిన్నులను పట్టి ఉంచే చిన్న రింగులు సాగిపోయి ఉంటే కొత్తవి వేసి, పైన ఎలక్ట్రికల్ టేపు రెండు చుట్లు చుట్టండి. విశాఖ సముద్రంలోనో, కాకినాడ తీరంలోనో పడవ నడిపేవారైతే స్టీలు మేకులు అల్యూమినియం మాస్టును తాకే చోట తెల్లటి పొడి పేరుకుందేమో చూసుకోవాలి. ఉప్పునీటిలో ఈ రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియం లోలోపల తినివేయబడుతుంది. మంచినీటి చెరువులో ఆ బెడద చాలా తక్కువ.

మాస్టును నిలబెట్టే ముందు తల ఎత్తి పైకి చూడండి. కరెంటు తీగలు ఉన్న చోట మాస్టు ఎత్తకూడదు, ఎత్తిన మాస్టుతో పడవను ఆ దారిన నెట్టుకుపోకూడదు. అల్యూమినియం మాస్టు నేరుగా విద్యుత్తును కిందికి తెస్తుంది. ఒడ్డు నుంచి నీటి దాకా ట్రాలీ వెళ్లే దారి మొత్తాన్ని ముందుగా ఒకసారి ఖాళీ చేతులతో నడిచి చూడడం నా అలవాటు.

మాస్టు నడుమ ఉందా

అన్నిటికన్నా తక్కువమంది చేసేదీ, అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేదీ ఈ కొలతే. మెయిన్ చాపను పైకి లాగే హాల్యార్డుకు టేపు కొసను కట్టి, చాప తల ఎక్కడికి చేరుతుందో అక్కడి దాకా లాగి తాడును బిగించండి. జిబ్ హాల్యార్డును కూడా తగినంత బిగించి ఉంచండి; వదులుగా ఉన్న మాస్టును కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. పడవ ముక్కు దగ్గరి అమరిక నుంచి రెండు అంచుల మీదికీ సరిసమానమైన దూరంలో రెండు గుర్తులు పెట్టండి. ఇప్పుడు పైనుంచి వేలాడే టేపును ఎడమ గుర్తుకు ఒకసారి, కుడి గుర్తుకు ఒకసారి, ఒకే బలంతో లాగి పట్టి చూడండి. తేడా 5 మిల్లీమీటర్లలోపు ఉంటే ముందుకు సాగవచ్చు.

నాకు ఈ పాఠం నేర్పిన పడవ ఒకటి ఉంది. ఒక వర్షాకాలంలో మేము వాడిన ఆ పడవ కుడివైపు నుంచి గాలి తీసుకున్నప్పుడు చక్కగా పరుగెత్తేది, ఎడమవైపు నుంచి తీసుకున్నప్పుడు మాత్రం చుక్కాని చేతిని లాగేసేది. మూడు రోజులు చాపను మార్చి మార్చి చూశాం. నాలుగో రోజు నా సహచరుడు, “అన్నా, ముందు టేపు కడదాం, తరువాత చాప సంగతి చూద్దాం” అన్నాడు. కొలిస్తే మాస్టు తల 18 మిల్లీమీటర్లు ఒక పక్కకు ఒరిగి ఉంది. రెండు వైపులా పక్క తీగల పిన్నులు అడ్జస్టర్ పలకలో పైనుంచి నాలుగో రంధ్రంలోనే ఉన్నాయి గనుక మాకు అనుమానం రాలేదు. కాని ఒక వైపు ఆ పలకను ఎవరో మార్చినప్పుడు తలకిందులుగా బిగించారు. దానివల్ల రంధ్రాల లెక్క ఒకటే అయినా ఎత్తు ఒకటి కాదు. రంధ్రాల సంఖ్యను నమ్మకుండా టేపును మాత్రమే నమ్మడం ఆ రోజు నుంచి మొదలుపెట్టాను.

తల నడుమకు వచ్చిన తరువాత మాస్టు అడుగున కూర్చుని, చాప ఎక్కే గాడి వెంట ఒక కన్ను మూసి పైకి చూడండి. గాడి తీగలా సూటిగా కనిపించాలి. మధ్యలో పక్కకు వంపు కనిపిస్తే రెండు స్ప్రెడర్ల పొడవు సమానంగా లేదనో, మాస్టు అడుగు దాని గూటిలో వదులుగా కదులుతోందనో అనుమానించాలి.

వెనుకకు వాలు

మాస్టు నిలువుగా కాకుండా కొంత వెనుకకు వాలి ఉంటుంది. ఆ వాలును రేక్ అంటారు. దాన్ని కొలవడానికి అదే టేపును వెనుకకు తెచ్చి, పడవ తోక పలక పైఅంచు మధ్యకు పట్టి చూడాలి. ఫోర్ ట్వంటీలో ఈ అంకె సాధారణంగా 6.05 నుంచి 6.10 మీటర్ల మధ్య ఉంటుంది. మీ చాపను కుట్టిన సంస్థ ఇచ్చే పట్టికలోని అంకెతోనే మొదలుపెట్టడం ఉత్తమం, ఎందుకంటే చాపను ఆ వాలుకు తగ్గట్టే కత్తిరిస్తారు. అంకె తగ్గిన కొద్దీ మాస్టు మరింత వెనుకకు వాలినట్టు.

వాలు పెంచితే గాలి బలపు కేంద్రం వెనుకకూ, కొంత కిందికీ దిగుతుంది. వెదర్ హెల్మ్ పెరుగుతుంది. తగ్గిస్తే చుక్కాని తేలికవుతుంది. గాలి బాగా పెరిగినప్పుడు అనుభవజ్ఞులు వాలు పెంచడం చూసి, అప్పటికే బరువుగా ఉన్న చుక్కాని ఇంకా బరువెక్కదా అని చాలామంది అడుగుతారు. పెరుగుతుంది, కాని దానితోపాటే వారు సెంటర్‌బోర్డును కొద్దిగా పైకి లేపుతారు. కీలు మీద తిరిగే బోర్డు పైకి లేచినప్పుడు వెనుకకు కూడా జరుగుతుంది గనుక నీటి బలపు కేంద్రం కూడా వెనుకకు వచ్చి సమతూకం నిలుస్తుంది. ఈలోగా చాప పైభాగం తెరుచుకుని మిగులు గాలిని వదిలేస్తుంది, పడవ ఒరగడం తగ్గుతుంది.

ఇక మార్చే విధానంలో దాదాపు ప్రతి కొత్తవారూ తడబడే చోటు ఒకటి ఉంది. పక్క తీగలను, అంటే ష్రౌడ్లను, పొట్టి చేస్తే మాస్టు నిటారు అవుతుందని అనిపిస్తుంది. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఈ పడవలో ష్రౌడ్లు పడవ అంచును పట్టుకునే చోటు మాస్టు అడుగుకు వెనుకగా ఉంటుంది. అందుచేత వాటిని పొట్టి చేస్తే అవి మాస్టును వెనుకకే లాగుతాయి. వాలు పెంచాలంటే ష్రౌడ్ పిన్నును కింది రంధ్రంలోకి దించి, జిబ్ హాల్యార్డును ఆ మేరకు వదలాలి. తగ్గించాలంటే పిన్నును పైకి తెచ్చి, హాల్యార్డును లాగాలి. రెండు వైపులా ఒకే మేరకు మార్చి, మార్చిన ప్రతిసారీ నడుమ కొలతను మళ్లీ చూసుకోవాలి.

తీగల బిగువు

ఈ పడవలో బిగువునిచ్చేది జిబ్ హాల్యార్డే. దాని తీగ కొసన ఉన్న లూపును కొక్కేనికి తగిలించి, కప్పీల వరుసతో లాగినప్పుడు మాస్టు మొత్తం ష్రౌడ్ల మీదికి ముందుకు వాలి బిగుస్తుంది. ముందున్న ఫోర్‌స్టే తీగ ఆ సమయంలో కొంత వదులుగా కనిపించడం సహజం. చాప దించినప్పుడు మాస్టు పడిపోకుండా పట్టడమే దాని పని.

బిగువును కొలవడానికి టెన్షన్ గేజ్ వాడతారు. గేజ్ చూపించే అంకె ఆ గేజ్ నమూనాకూ, తీగ మందానికీ మాత్రమే చెల్లుతుంది. కాబట్టి పక్క పడవవారి అంకెను అరువు తెచ్చుకునే ముందు వారి గేజ్ ఏదో, తీగ ఎంత మందమో అడగండి. ఎప్పుడూ ఛాతీ ఎత్తులో ఒకే చోట పెట్టి చూడండి. గేజ్ లేనివారు రెండు ష్రౌడ్లనూ ఒకే ఎత్తులో తంబురా తీగలా మీటి వినవచ్చు. బిగువు ఎంతో అది చెప్పదు గాని, రెండు వైపులా సమానంగా ఉందో లేదో స్పష్టంగా చెబుతుంది.

బిగువు చాలకపోతే జిబ్ ముందంచు గాలికి విల్లులా వెనుకకు జారి చాప బొద్దుగా తయారవుతుంది, పడవ ఎదురుగాలిలో పైకి వెళ్లదు. అతిగా ఉంటే తేలికపాటి గాలిలో చాపకు ప్రాణం ఉండదు, పడవ నడుము కూడా నలుగుతుంది. మధ్యస్థపు గాలిలో, అంటే 8 నుంచి 12 నాట్ల (గంటకు సుమారు 15 నుంచి 22 కిలోమీటర్ల) మధ్య, ఎదురుగాలిలో నడుస్తున్నప్పుడు గాలికి అవతలి వైపున్న ష్రౌడ్‌ను వేలితో కదిపి చూడండి. కొద్దిగా వదులు తెలియాలి, కాని అలకు అలకు ఊగకూడదు.

స్ప్రెడర్లు

మాస్టు మధ్యలో రెండు చేతుల్లా నిలిచే స్ప్రెడర్లు రెండు పనులు చేస్తాయి. పొడవు పెరిగితే మాస్టు పక్కలకు గట్టిపడుతుంది. వెనుకకు మలచిన కోణం పెరిగితే మాస్టు నడుము ముందుకు వంగి, మెయిన్ చాప పల్చబడి బలం తగ్గుతుంది. ఇద్దరి బరువూ తక్కువగా ఉన్న జట్టుకు కోణం కొంత ఎక్కువ, బరువైన జట్టుకు తక్కువ ఉండడం సబబు. కోణం కొలవాలంటే రెండు కొసల మీదుగా ఒక తిన్నని బద్ద ఆనించి, మాస్టు వెనుక ముఖం నుంచి బద్ద దాకా ఎంత దూరమో చూడాలి. రెండు చేతుల పొడవూ, కోణమూ ఒకటే అయితే తప్ప మిగతా పనికి పూనుకోకండి.

చాప ఎక్కించకముందే మాస్టులో ఉండే వంపును కూడా చూసుకోవాలి. మెయిన్ హాల్యార్డును కిందికి లాగి, చాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ కొయ్య తగిలే చోట మాస్టు వెనుక ముఖానికి ఆనించి పట్టండి. స్ప్రెడర్ల ఎత్తులో తాడుకూ మాస్టుకూ మధ్య కనిపించే సందే ఆ వంపు. రెండు మూడు సెంటీమీటర్ల మేర ఉంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది. చాప ఎక్కించాక బూమ్ దగ్గరి కొస నుంచి మాస్టు మధ్య దాకా ఏటవాలు ముడతలు గట్టిగా పడితే వంపు చాపకు మించిందని గుర్తు.

చాపల మీది తాళ్లు

ఇక్కడ నేను త్వరగా సాగుతాను, ఎందుకంటే ఇవన్నీ నీటిపై క్షణంలో మార్చుకోగలిగినవి. చాప అడుగు మూలను బూమ్ కొస వైపు లాగే అవుట్‌హాల్ తాడును వదిలితే చాప కిందిభాగం నిండుగా అవుతుంది, లాగితే పల్చబడుతుంది. చాప ముందంచును కిందికి బిగించే కనింగ్‌హామ్ తాడును గాలి పెరిగినప్పుడే లాగాలి. తేలిక గాలిలో ముందంచున చిన్న ముడతలు ఉంటే ఉండనివ్వండి, అవి పడవను ఆపవు. వాంగ్ బూమ్‌ను కిందికి పట్టి చాప వెనుకంచును బిగిస్తుంది. చాపలోని పై బద్ద కొసనున్న దారపు పీలిక, అంటే టెల్‌టేల్, సగం సేపు ఎగురుతూ సగం సేపు చాప వెనుకకు దాక్కుంటూ ఉంటే వాంగ్, మెయిన్ షీటు (చాపను లోపలికి లాగే తాడు) సరిగా ఉన్నట్టు.

జిబ్ షీటు వెళ్లే అమరిక స్థానాన్ని మాత్రం శ్రద్ధగా చూడాలి. ఎదురుగాలిలో పడవను నెమ్మదిగా గాలి వైపు తిప్పుతూ జిబ్ ముందంచున పైన, మధ్యన, కింద ఉన్న దారాలను గమనించండి. గాలి వైపు దారం పైన ముందుగా ఎగిరిపడితే అమరికను ముందుకు జరపాలి; కింద ముందుగా ఎగిరితే వెనుకకు. మూడూ ఒకేసారి కదిలిన చోట పెన్నుతో గీత గీయండి.

నీటిపై పరీక్ష

గాలి నిలకడగా ఉన్న రోజును ఎంచుకోండి. హుస్సేన్‌సాగర్ చుట్టూ భవనాలు ఉన్నందున ఒడ్డుకు దగ్గరలో గాలి నిమిషానికో దిక్కు మారుతుంది. చెరువు నడుమకు వెళితేనే పరీక్షకు విలువ ఉంటుంది. వెళ్లగానే చేయవలసిన మొదటి పని సెంటర్‌బోర్డునూ చుక్కానినీ ఒకసారి పైకి లేపి దించడం. గుర్రపుడెక్క వేరో, ప్లాస్టిక్ సంచో చుక్కానికి చుట్టుకుంటే చేతికి వచ్చే బరువు అచ్చం వెదర్ హెల్మ్‌లాగే ఉంటుంది. చెరువు మీద నడిపేవారు ఇది మరిచి రిగ్గింగ్ మార్చడం నేను చాలాసార్లు చూశాను.

పడవను ఎదురుగాలిలో, ఏ మాత్రం ఒరగనివ్వకుండా నడపండి. ఒరిగిన పడవ తనంతట తానే గాలి వైపు తిరుగుతుంది. ఆ లాగుడుకు మాస్టును నిందించడం అన్యాయం. చుక్కాని పిడిని, అంటే టిల్లర్‌ను, రెండు వేళ్లతో మాత్రమే పట్టుకుని ఒక నిమిషం గడిపి, తరువాత వదిలేయండి. పడవ నిదానంగా గాలి వైపు తిరిగితే సరి. చటుక్కున తిరిగితే వెదర్ హెల్మ్ ఎక్కువ. సూటిగా పోయినా, గాలికి దూరంగా జారినా మాస్టు మరీ నిటారుగా ఉందని అర్థం. ఇదే పరీక్షను రెండో వైపు నుంచి గాలి తీసుకుని చేయండి. రెండు వైపులా ఫలితం వేరైతే ఒడ్డుకు వచ్చి నడుమ కొలతను మళ్లీ చూడవలసిందే.

చుక్కాని బరువుగా ఉంటే తేలికైన మార్పు నుంచి కష్టమైన దాని వైపు వెళ్లాలి. ముందు మనుషుల బరువుతో పడవను చదును చేయండి. చాలకపోతే మెయిన్ షీటును కొద్దిగా వదలండి, కనింగ్‌హామ్ లాగండి. అప్పటికీ బరువుగానే ఉంటే బోర్డును ఒక పిడికెడు మేర పైకి లేపండి. ఇవన్నీ చేశాక కూడా మధ్యస్థపు గాలిలో చేయి నొప్పి పుడుతుంటే అప్పుడు ఒడ్డుకు వచ్చి వాలును ఒక్క రంధ్రం తగ్గించండి. ఒక్కో మార్పు తరువాత కనీసం పది నిమిషాలు నడిపి చూడాలి. గాలి ఒకసారి పెరిగి తగ్గితే గాని మార్పు ఫలితమేదో, గాలి ఫలితమేదో తెలియదు.

మరో పడవను తోడు తీసుకోగలిగితే ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. రెండు పడవలూ పక్కపక్కనే ఎదురుగాలిలో వెళుతూ, ఒకటి మాత్రమే మార్పులు చేస్తూ, రెండోది ఏదీ మార్చకుండా ఉండాలి. ఏది ముందుకు వెళుతోందో, ఏది గాలి వైపు పైకి వెళుతోందో కళ్ల ముందే కనిపిస్తుంది.

తీగలు లేని పడవలకు

ఇప్పుడు ఇల్కా అని పిలుస్తున్న లేజర్ పడవకు ష్రౌడ్లు ఉండవు. రెండు ముక్కల మాస్టును వంచేది మెయిన్ షీటూ, వాంగూ మాత్రమే గనుక పైన చెప్పిన తీగల పని అంతా అక్కడ ఆ రెండు తాళ్లే చేస్తాయి. పిల్లల ఆప్టిమిస్ట్‌లో చూడవలసింది చాపను ఏటవాలుగా నిలబెట్టే స్ప్రిట్ అనే కర్ర బిగువు. మాస్టు తల దగ్గరి మూల నుంచి బూమ్ కొస దాకా ముడత పడితే స్ప్రిట్ వదులుగా ఉంది, పైకి లాగాలి. చాప పైకొస నుంచి మాస్టు అడుగు మూల దాకా ముడత పడితే ఎక్కువ బిగిసింది, వదలాలి. చాపను మాస్టుకు కట్టే దారాల సందు 10 మిల్లీమీటర్లకు మించకూడదన్నది ఆ తరగతి నియమం. కడుతున్నప్పుడు పిల్లల చేతనే కొలిపించండి.

ఒడ్డుకు వచ్చాక

జిబ్ హాల్యార్డు బిగువును వెంటనే వదిలేయాలి. రాత్రంతా బిగించి ఉంచితే తీగలు సాగుతాయి, పడవ నడుము అలుస్తుంది. సముద్రంలో నడిపితే మాస్టునూ తీగలనూ కప్పీలనూ మంచినీటితో కడగండి. చేతులు ఆరకముందే పుస్తకం తీసి రాసుకోండి, ఇంటికి వెళ్లి రాద్దామనుకుంటే సగం మరిచిపోతాం. నా పుస్తకంలో ఒక రోజు నమోదు ఇలా ఉంటుంది: పడమటి గాలి, సుమారు 10 నాట్లు, మధ్యమధ్య ఈదురు. వాలు 6.08 మీటర్లు. నడుమ తేడా 2 మిల్లీమీటర్లు. ష్రౌడ్లు కింది నుంచి మూడో రంధ్రం. జిబ్ అమరిక రెండో గీత. చుక్కాని రెండు వేళ్లకు తేలిక, ఈదురులో మాత్రం బరువు. బోర్డు పిడికెడు లేపితే సర్దుకుంది. రేపు స్ప్రెడర్లు ముట్టకుండా, బిగువు ఒక్కటే పెంచి చూడాలి.